మా నాయనమ్మ పొగాకు

మొన్న ఆదివారం మా మనవరాలు విజయవాడ నుంచి వచ్చింది. వచ్చీ రాగానే బ్యాగులోంచి చిన్న గాజుసీసా తీసి, నా ముంజేతి మీద పుస్సుమని కొట్టి, "అమ్మమ్మా, వాసన చూసి ఇదేంటో చెప్పు చూద్దాం" అంది. ఏ మల్లెపూవో, గంధమో అనుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"పొగాకు!" అన్నాను.

"అబ్బ, ఎలా కనిపెట్టేశావు? సీసా మీద టొబాకో అనే రాసుంది. ఇప్పుడు అందరూ ఇదే కొడుతున్నారు అమ్మమ్మా, అమ్మాయిలు కూడా."

హవ్వ! పొగాకు వాసన ఒంటికి పూసుకుని పెళ్ళిళ్ళకీ సినిమాలకీ వెళ్ళే కాలం కూడా చూశాను. మా చిన్నప్పుడు ఆ వాసన వదిలించడానికి మా అమ్మ మమ్మల్ని నూతిగట్టు మీద కూర్చోబెట్టి, చింతపండు పిప్పితో తోలు లేచిపోయేలా తోమేది. నేను పంపు దగ్గరికెళ్ళి సబ్బుతో చెయ్యి కడిగాను. పోలేదు. మళ్ళీ కడిగాను. పిల్ల బిక్కమొహం వేసింది.

"ఏంటమ్మమ్మా, అంత అసహ్యంగా ఉందా?"

అసహ్యం కాదే తల్లీ, భయం అని చెప్పబోయి ఊరుకున్నాను. అరవై దాటిన మనిషి సెంటుకి భయపడిందంటే ఎవరైనా నవ్వుతారు. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉన్న ఊరు. ఎటు చూసినా మామిడితోటలే. ఎండలు ముదిరాయంటే ఏ ఇంట్లో అడుగుపెట్టినా మంచాల కింద గడ్డి, గడ్డిలో రసాలు. అలాంటి ఊళ్ళో మా నాయనమ్మ మాత్రం నూతికీ పశువుల పాకకీ మధ్యనున్న కాస్త నేలలో ఏటా పొగాకు వేసేది. అమ్మకానికి కాదు, తన చుట్టలకి. కొట్లో చుట్ట ముట్టేది కాదు. "ఎవరి పెరటి ఆకో, ఎలా ఆరబెట్టారో మనకేం తెలుసు" అని మూతి తిప్పేది.

మా ఇంట్లో చుట్ట తాగేది ఆవిడే. తాతయ్యకి ఆ వాసనే పడదు. "మా ఇంట్లో పొయ్యి ఆరిపోయినా పొగ ఆగదండీ" అని వచ్చిన చుట్టాలతో చెప్పేవాడు. ఆవిడ వినీ విననట్టు పెరట్లోకి వెళ్ళిపోయేది. పైగా ఆవిడ తాగేది అడ్డపొగ. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, రెండో కొస బయటకి ఉంచి తాగడం. నేను మొదటిసారి అది చూసిన రోజు కెవ్వుమని అరుస్తూ వంటింట్లోకి పరుగెత్తాను. "అమ్మా, నాయనమ్మ నిప్పు తింటోంది!" అన్నాను. మా అమ్మ పప్పుగుత్తి పక్కన పెట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు మాత్రం చాలాకాలం ఆవిడ మామూలు మనిషి కాదనే అనుమానం ఉండేది. నోట్లో నిప్పు పెట్టుకుని, అదే నోటితో "పాలు పొంగిపోతున్నాయే" అని అమ్మని కేకేసే మనిషిని ఇంకేమనుకోవాలి?

మొక్క నడుమెత్తు పెరిగి మొగ్గ తొడగగానే ఆవిడ దాని తల తుంచేసేది. పువ్వు పూస్తే సారమంతా పువ్వుకే పోతుందట, ఆకు పలచబడుతుందట. తల తుంచాక ఆకు మొదట్లో పిలకలు వస్తాయి. వాటిని గిల్లెయ్యడం మా పిల్లల పని. ఆ జిగురు వేళ్ళకి పట్టి నల్లగా గడ్డకట్టేది. ఆ వేళ్ళతో దోరజామకాయ ముక్క ఉప్పూకారంలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నామా, ఇక చూడండి, నోరంతా విషం. తుప్పుతుప్పున ఊసుకుంటూ నూతి దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. మర్నాడు మళ్ళీ అదే పని చేసేవాళ్ళం. బుద్ధి ఉంటేగా.

ఆకు కోసిన రోజు పెరడంతా పచ్చిఘాటు. మా తోటలో పనిచేసే ఒకావిడ వచ్చి నాయనమ్మ ఎదురుగా గోనెపట్టా మీద కూర్చునేది. ఇద్దరి చేతుల్లో దబ్బనాలు, పురికొస. ఆకుల కాడలకి గుచ్చి, తోరణాలు చేసి, పశువుల పాక చూరు కింద వేలాడదీసేవాళ్ళు. గుచ్చుతున్నంతసేపూ ఊరి సంగతులన్నీ వాళ్ళ నోళ్ళలో నలిగేవి. ఎవరి కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళిందో, ఎవరి తోటలో పిందె రాలిందో, ఎవరు కొత్త రేడియో కొని ఊరంతా వినేలా పెట్టుకున్నారో. మేం చెవులు దోరబెట్టుకుని వినేవాళ్ళం. మేం వింటున్నామని తెలియగానే ఇద్దరూ ఒక్కసారిగా వంటల గురించి మాట్లాడేవాళ్ళు.

రోజులు గడిచేకొద్దీ ఆ ఆకు వాసన మారిపోయేది. ముందు పచ్చిఘాటు, తర్వాత ఎండుగడ్డి, ఆ తర్వాత కాస్త తేనెలాంటి వాసన. తేనెవాసన వచ్చిందంటే ఆకు ఆరిందన్నమాట. కానీ ఎప్పుడు పడితే అప్పుడు దింపకూడదు. ఎండవేళ ముట్టుకుంటే పెళపెళమని పొడైపోతుంది. తెల్లవారుజామున మంచు తగిలి ఆకు మెత్తబడ్డప్పుడే దింపాలి. దాన్ని పదును అనేది. అందరికన్నా ముందు లేచి, పాకలోకి వెళ్ళి, ఆకు అంచు వేళ్ళతో నలిపి చూసేది. "పదునుకొచ్చింది, లేవండే" అని ఆవిడ కేకెయ్యగానే మేం కళ్ళు నులుముకుంటూ వెళ్ళేవాళ్ళం.

దింపిన ఆకుని కాడలు బయటికి వచ్చేలా గుండ్రంగా పేర్చి, మీద గడ్డీ గోనెలూ కప్పి, రాళ్ళు పెట్టేది. అదే మండె. లోపల ఆకు వేడెక్కి, మాగి, రంగు తిరుగుతుంది. మామిడికాయల్ని గడ్డిలో మాగేసినట్టే. మధ్యమధ్యలో మండె విప్పి, లోపలి ఆకు బయటికీ బయటి ఆకు లోపలికీ మార్చి మళ్ళీ కట్టాలి. వేడి ఎక్కువైతే కుళ్ళుతుంది, తక్కువైతే చుట్ట కాలదు. ఇంకో సంగతి. మండె కట్టేటప్పుడు ఆకు మీద ఒకరకం నీళ్ళు చల్లేది. పాత పొగాకు కాడలూ ఈనెలూ పెద్ద గుండిగలో వేసి, నల్లగా చిక్కగా అయ్యేదాకా మరిగించి, అందులో బెల్లం కరిగించేది. ఆకుకి ఘాటు పట్టడానికి. మా ఇంట్లో వాటిని ఘాటునీళ్ళు అనేవాళ్ళం. అందులో వెయ్యడానికి తెచ్చిన బెల్లం అచ్చులో సగం మా లంగాల మడతల్లో మాయమయ్యేది. ఆవిడకి తెలుసు. తెలిసే ఎప్పుడూ ఎక్కువ తెచ్చేది.

మాగిన ఆకు కట్టలు కట్టి, తాటాకు చాపలో చుట్టి, చిప్పంలా బిగించి వంటింటి అటక మీద పెట్టించేది. కింద పొయ్యి వెచ్చదనానికి ఆకు బూజు పట్టదు. ఒక ఏడాది ఎవరి తెలివితక్కువో గానీ, మండె మీద కప్పిన గడ్డినే తీసుకెళ్ళి మామిడికాయల కింద పరిచారు. బాపులపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి భోజనాల్లో ఆ పండే పెట్టారు. ఆయన రసం జుర్రుకుని, అలాగే ఆగిపోయి, "పండు బాగుందమ్మా, అగ్గిపెట్టె ఒక్కటే తక్కువ" అన్నాడు. తాతయ్య విస్తరి ముందు పడీపడీ నవ్వాడు. ఆ ఏడు ఆ గడ్డిలో మాగిన కాయలన్నీ గేదెలకి వేశాం. గేదెలు కూడా వాసన చూసి మొహం తిప్పుకున్నాయి.

ఇదంతా నవ్వుకుంటూ చెబుతున్నాను కదా. ఇక చెప్పబోయేది నవ్వే సంగతి కాదు.

మా బాబాయి వాళ్ళు మైలవరంలో ఉండేవాళ్ళు. వాళ్ళ అమ్మాయి నాకన్నా కాస్త చిన్నది, చెల్లి అనే పిలిచేదాన్ని. దాని జుట్టు చూసి తీరాలి. నడుం దాటి, వేలు దూరనంత ఒత్తుగా ఉండేది. పుట్టెంట్రుకలు తీశాక మళ్ళీ కత్తెర పడలేదు. అది ఊరొస్తే నాయనమ్మ దాన్ని ముందు కూర్చోబెట్టుకుని నూనె రాసి, చిక్కు తీసి, జడ అల్లి, విప్పి, మళ్ళీ అల్లేది. నా తోకజడ వైపు చూసేదే కాదు. నాకు ఉడుకుమోత్తనం వచ్చేది.

ఆ ఏడాది మండె కట్టే రోజుల్లో పిన్ని చెల్లిని వెంటబెట్టుకుని హఠాత్తుగా వచ్చింది. చెల్లి తల నిండా పేలు. గోకి గోకి మాడంతా పుళ్ళు చేసుకుంది. స్కూల్లో పక్కన కూర్చోబెట్టుకోం అని పిల్లలు గోల చేస్తున్నారట. "మంగలిని పిలిపించండి అత్తయ్యా, మెడ దాకా కత్తిరించేద్దాం" అంది పిన్ని. చెల్లి జడని రెండు చేతులతో పట్టుకుని గోడకి అతుక్కుపోయింది.

"ఈ జుట్టు మీద కత్తెరా?" అంది నాయనమ్మ. "నేను బతికుండగా పడదు. పేలంటే ఇవాళ ఉంటాయి, రేపు పోతాయి. ఇలాంటి జుట్టు మళ్ళీ వస్తుందా?"

"దువ్వెన పడట్లేదు అత్తయ్యా. రాత్రంతా ఏడుస్తోంది పిల్ల."

"నాకొదిలెయ్. మా అమ్మ మాకు ఆకు నానేసిన నీళ్ళు పట్టించేది. ఒక్క పూటలో రాలిపోయేవి."

మా వైపు పేలకి పొగాకునీళ్ళు పెట్టడం వింతేమీ కాదు. దూడలకి పిడుదులు పడితే ఆ నీళ్ళతో తుడవడం మేమే చూశాం. కాకపోతే పేలకి పెట్టేది ఒక ఆకు నానిన నీళ్ళు, మజ్జిగతేటలా పలచగా ఉంటాయి. ఆ రోజు నానబెట్టేంత ఓపిక లేదు ఆవిడకి. పిన్ని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతానంటోంది. ఎదురుగా గుండిగలో మండెకోసం కాచిన ఘాటునీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. వేలు ముంచి నాలుక మీద వేసుకుని, "ఇవి ఇంకా బాగా పనిచేస్తాయి" అంది.

నూతి పక్కన పీట వేసి చెల్లిని కూర్చోబెట్టింది. చెంబుతో కొంచెం కొంచెం పోస్తూ, పాయపాయకీ పట్టించింది. జుట్టంతా నల్లగా తడిసి బరువుగా వేలాడింది. "మండుతోంది నాయనమ్మా" అంది చెల్లి. "మండితేనే చస్తాయమ్మా, కాస్త ఓర్చుకో. జుట్టు దక్కాలా వద్దా?" అని బుజ్జగిస్తూ తలకి పాతగుడ్డ బిగించి కట్టింది. తర్వాత నా వంతు. నా తలలోనూ నాలుగు పేలు ఉంటాయని ఆవిడ నమ్మకం. నేను పీట కోసం కాచుకుని నిలబడ్డాను.

చెల్లి నా పక్కకొచ్చి నిలబడి బెల్లంముక్క చప్పరిస్తోంది. ఉన్నట్టుండి ముక్క కింద పడేసింది. మొహం చూస్తే పాలిపోయింది, పెదవులు తెల్లబడ్డాయి. నోట్లోంచి చొంగ కారుతోంది. నుదుటి మీద చెమట ధారగా దిగుతోంది. "అక్కా, నేల తిరుగుతోంది" అంది. అని వాంతి చేసుకుంది. మళ్ళీ చేసుకుంది. కాళ్ళు వణికి, మడతలుపడి, అక్కడే కుప్పకూలిపోయింది. నేను "పిన్నీ!" అని కేక పెట్టాను.

పిన్ని పరుగెత్తుకొచ్చింది. అమ్మ వచ్చింది. వడదెబ్బ అని ఒకరు, ఖాళీ కడుపుతో కూర్చోబెట్టారని ఒకరు. అమ్మ మజ్జిగ తెచ్చి నోట్లో పోస్తే పక్కకి కారిపోయింది. తాతయ్య ఉప్పు తెచ్చి దిష్టి తీయమన్నాడు. చెల్లి చేతులు అదురుతున్నాయి. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "ఏమయిందే, నా తల్లీ, కళ్ళు తెరవ్వే" అని పిన్ని చెంపలు తడుతోంది.

నాయనమ్మ మాత్రం చూస్తూ నిలబడింది. ఆవిడ మొహంలోంచి రక్తం దిగిపోవడం నా కళ్ళతో చూశాను. కుర్రవాళ్ళు దొంగతనంగా మొదటి చుట్ట తాగి, చెట్టు కింద వాంతులు చేసుకుంటూ, చెమటలు కక్కుతూ పడిపోవడం ఆవిడ ఎన్నిసార్లు చూసిందో. చూసి నవ్విందో. అదే చెమట, అదే చొంగ.

"ఇది ఎండదెబ్బ కాదు!" అని అరిచింది. అంత గొంతు ఆవిడకి ఉందని మాకెవ్వరికీ తెలియదు. "నా ఆకే! నా ఆకే పట్టేసింది దాన్ని. పుళ్ళలోంచి దిగిపోతోంది. నీళ్ళు తోడండి, తోడండి!"

తలగుడ్డ పీకి పారేసింది. నాన్న నూతిలోంచి చేదతో తోడి పోస్తున్నాడు. నీళ్ళు ఎంత పోసినా ఆ ఒత్తు జుట్టులోంచి నలుపు దిగుతూనే ఉంది. ఎంతకీ తెల్లబడదే! స్పంజిలా పీల్చుకుని కూర్చుంది జుట్టంతా. నాయనమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత బొడ్లో దోపుకున్న, చుట్టలు కోసుకునే చాకు తీసింది. చెల్లి జడపాయలు ఎడంచేతికి చుట్టుకుని, మాడుకి దగ్గరగా కరకరా కోసేసింది. ఒక్కో పాయ కోసి బురదలోకి విసిరేసింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. కత్తెర పడనివ్వనన్న మనిషి!

బోడితల మీద నీళ్ళు పోస్తూనే ఉన్నారు, అవి తేటగా దిగేదాకా. చెల్లిని దుప్పట్లో చుట్టి నాన్న రోడ్డు దాకా పరుగెత్తాడు. చాట్రాయి నుంచి వస్తున్న లారీకి అడ్డంగా నిలబడి ఆపాడు. పిన్నీ నాయనమ్మా ఎక్కారు. నేను కూడా అప్పటికే రెండుసార్లు వాంతి చేసుకున్నానని నన్నూ ఎక్కించారు. నాది భయంతో వచ్చిన వాంతి. కానీ ఆ గోలలో ఎవరికి తెలుసు?

నూజివీడులో డాక్టరుగారు చెల్లి కళ్ళు చూశాడు, నాడి చూశాడు, సూదిమందు ఇచ్చాడు. చాలాసేపు దాని పక్కనుంచి కదల్లేదు. ఊపిరి కాస్త సర్దుకున్నాక, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"పిల్ల బతుకుతుంది. ఈ పొగాకునీళ్ళు తలకి పోసిందెవరు?"

"నేనేనండి" అంది నాయనమ్మ.

"మంచిపని ఒకటి చేశారు. తడిసిన జుట్టు అలాగే ఉంచి తీసుకొచ్చుంటే నా చేతుల్లో ఉండేది కాదు. జుట్టు తీసిందెవరు?"

"నేనేనండి."

డాక్టరుగారు ఆవిడ వైపు చూశాడు. లోపలికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఆ బల్ల మీద కూర్చోలేదు. గోడకి ఆనుకోలేదు. చెల్లి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగిందని పిన్ని చెప్పేదాకా అలా నిలబడే ఉంది.

చెల్లిని ఇంటికి తెచ్చాక దాని తల చూసి నేను ఏడ్చాను. గీతలు గీతలుగా, అక్కడక్కడా కుచ్చులుగా, పురుగు తిన్న ఆకులా ఉంది. అదేమో అద్దంలో చూసుకుని కిసుక్కున నవ్వింది. చచ్చి బతికిన పిల్ల నవ్వు అది. పిన్ని మాత్రం నవ్వలేదు. "ఇక ఈ పెరట్లో నా పిల్ల అడుగు పెట్టదు" అని మర్నాడే తీసుకెళ్ళిపోయింది. నాయనమ్మ పాక గుంజ వెనకే నిలబడి చూసింది గానీ బయటికి రాలేదు.

అందరం అనుకున్నాం, ఇక ఆవిడ చుట్ట మానేస్తుందని. ఎవరైనా మానేస్తారు కదా! వాళ్ళు వెళ్ళిన పూటే పెరట్లో పొగ లేచింది. పోయి చూస్తే ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, నోట్లో నిప్పు పెట్టుకుని తాగుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడూ వేళాకోళం చేసే తాతయ్య కూడా ఆ రోజు మొహం చిట్లించుకుని, "ఇంకా ఎలా తాగబుద్ధేస్తోందే నీకు?" అన్నాడు.

ఆవిడ చుట్ట తీసి, "పసిదాన్ని అంత చేసింది. నన్నేమీ చెయ్యట్లేదేంటా అని తాగుతున్నా" అంది.

తాతయ్య మళ్ళీ ఆ చుట్ట గురించి నోరెత్తలేదు.

ఆ ఏటి మండెని ఎవరూ విప్పి తిప్పలేదు. లోపల వేడెక్కిపోయి కుళ్ళి, పెరడంతా కంపు కొట్టింది. నాన్న పార పెట్టి ఎత్తి తోటలో గొయ్యి తీసి పూడ్చాడు. మరుసటి ఏడు నాయనమ్మ మళ్ళీ నారు పోసింది, మళ్ళీ ఆరబెట్టింది. ఘాటునీళ్ళు మాత్రం కాచలేదు. ఆవిడ రాతిగుండె మనిషని, జరిగింది మర్చిపోయిందని నేను అనుకున్నాను. పిన్ని కోపం కూడా కాలంతో మెత్తబడింది. చెల్లి సెలవులకి రావడం మొదలుపెట్టింది. దాని జుట్టూ పెరిగింది, మునుపటంత కాకపోయినా జడ వేసుకునేంత. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఇప్పుడు ఆ పెరడు లేదు. ఆ స్థలంలో మామిడికాయలు రంగు తేల్చే షెడ్డు వేశారు. గడ్డి లేదు, అటక లేదు. పొగాకు మొక్క చూపిస్తే గుర్తుపట్టే పిల్లలు మా ఊళ్ళో ఉండరు. పోతే పోనీ, దాని కోసం నేను ఏడవను. నేను ఇదంతా రాసింది చెల్లి పెళ్ళిరోజు చూసిన దాని కోసం.

పెళ్ళి మైలవరంలో. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది పిల్లాడు. పెళ్ళికొడుకూ చెల్లీ పెద్దవాళ్ళందరి కాళ్ళకీ దణ్ణం పెడుతున్నారు. ఒక్కొక్కరూ తల మీద అక్షింతలు వేసి, చెయ్యి పెట్టి దీవిస్తున్నారు. నాయనమ్మ దగ్గరికి వచ్చి చెల్లి వంగింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, అక్షింతలు దూరంనుంచే చల్లి, చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"చెయ్యి పెట్టు నాయనమ్మా" అంది చెల్లి.

"ఇక్కడినుంచే దీవిస్తున్నాగా తల్లీ. పూలజడ నలిగిపోతుంది."

"నలిగితే నలగనీ. పెట్టు."

"నా చెయ్యి వద్దమ్మా" అంది ఆవిడ. మెల్లిగానే అంది. పక్కనే ఉన్నాను గనక నాకు వినబడింది.

అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు తట్టింది. ఆ నూతి దగ్గర జరిగినప్పటినుంచీ ఆవిడ మా ఎవ్వరి తలా ముట్టుకోలేదు. మాకు జడలు వెయ్యడం మానేస్తే కళ్ళు కనబడక అనుకున్నాం. నేను పెద్దమనిషినైనప్పుడు పూలజడకి పూలన్నీ తనే కట్టి, కుట్టడానికి పొరుగావిడని పిలిచింది. నా పిల్లాడికి నీళ్ళు పోస్తూ కాళ్ళూ చేతులూ రుద్ది, "తల నువ్వే రుద్దుకో" అని లేచిపోయింది. ఓపిక లేదనుకున్నాను. అన్నేళ్ళూ ఒకే ఇంట్లో, కళ్ళెదురుగా! ఒక్కరమంటే ఒక్కరం చూడలేదు.

చెల్లి మాత్రం ఎప్పుడు చూసిందో. పెళ్ళిపీటల మీది పిల్ల వంగినది వంగినట్టే ఉండి, తన చెయ్యి చాచి ఆవిడ కొంగులోంచి కుడిచెయ్యి లాగింది. ముసలావిడ వెనక్కి లాక్కుంటోంది, ఇది వదలట్లేదు. చివరికి ఆ చేతిని తన తల మీద పెట్టుకుని, పైన రెండు చేతులూ గట్టిగా అదిమి పట్టింది. పూలు నలిగాయి. నాయనమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. అప్పగింతలకి ఆలస్యమవుతోందని పురోహితుడు తొందరపెట్టాడు. పెళ్ళికొడుకు ఏం జరుగుతోందో తెలియక మా అందరి మొహాలూ చూస్తున్నాడు. చెల్లి లేవలేదు.